ఆర్‌సీఎం రైతింటి నాయనమ్మ జీవితం రాయాలి: తారీఖులు, కాన్పులు, పొలం పనులు ఎలా తేల్చాలి?

కొత్తకాగితం:

సత్తెనపల్లి, ఫిరంగిపురం మధ్య ఒక ఊళ్ళో ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) రైతు కుటుంబం. ఇంటి పెద్దావిడ, మాకు నాయనమ్మ. చెవులు కాస్త మందం, మాట మాత్రం బాగానే ఉంది. వచ్చే క్రిస్మస్ సెలవుల్లో కృతజ్ఞతా పూజ పెట్టించి, ఆవిడ మీద 24 పేజీల చిన్న పుస్తకం వేద్దామని అనుకున్నాం. చిక్కులు ఇవి.

ఆధార్‌లో 1-1-1928 అని ఉంది. ఆవిడేమో "ప్రజోత్పత్తిలో పుట్టా" అంటుంది. పెళ్ళి "స్వతంత్రం వచ్చిన రెండో ఏడు, మిరప కోతలప్పుడు" అట. కాన్పులు తొమ్మిది అని ఒకరు, పది అని ఒకరు. ఉన్నది ఆరుగురు. ఇక ఆవిడ చేసిన పని గురించి రాయబోతే "రెక్కలు ముక్కలు చేసుకుంది, జపమాల విడవలేదు" దగ్గరే కలం ఆగిపోతోంది. ఇంతకంటే గట్టిగా రాసే దారి చెప్పండి.

పాతరిజిస్టర్:

ముందు ఆధార్‌ని పక్కన పెట్టండి. జనవరి 1 అని ఉంటే చాలావరకు అది పుట్టినరోజు కాదు, నమోదు చేసినవాళ్ళు వేసిన అంచనా. ఆవిడ చెప్పిన ప్రజోత్పత్తి అంటే 1931 ఉగాది నుంచి 1932 ఉగాది దాకా. ఈ మాటకే ఎక్కువ బరువు ఇవ్వండి. ఆ తరంవాళ్ళు అంకెలు మరిచిపోతారు గానీ సంవత్సరం పేరు మరవరు.

తేల్చేది జ్ఞానస్నాన పుస్తకం (బాప్టిజం రిజిస్టర్). విచారణ (పారిష్) గురువుగారికి నోటిమాటగా చెప్పకుండా ఒక కాగితం మీద రాసి ఇవ్వండి: ఆవిడ పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, 1927 నుంచి 1933 దాకా వెతకమని. పుట్టిన ఊరు అన్నాను, అత్తగారి ఊరు కాదు. అక్కడే చాలామంది తప్పుతారు. ఆ ఊరు ఆ రోజుల్లో ఏ విచారణ కింద ఉండేదో కూడా కనుక్కోండి. ఇప్పుడు సొంత విచారణ ఉన్న ఊళ్ళు చాలా అప్పట్లో ఉపదేశి (ప్రార్థనలు నేర్పే గుడి మనిషి) మాత్రమే ఉన్న శాఖలు. పాత పుస్తకాలు తల్లి విచారణలోనే ఉండిపోతాయి.

రాత లాటిన్‌లో ఉంటుంది, కానీ భయపడాల్సినంత లేదు. వాక్యం ఎప్పుడూ ఒకటే అచ్చు. "నాతా" పక్కన పుట్టిన తేదీ, "బాప్తిజావి" అంటే నేను జ్ఞానస్నానమిచ్చాను, "ఫిలియా" కూతురు, "మాత్రీనా" జ్ఞానతల్లి (గాడ్‌మదర్). తిప్పలు పెట్టేది పేర్లు. ఇంట్లో రాయప్ప అని పిలిస్తే పుస్తకంలో పేత్రుస్. చిన్నప్ప పౌలుస్. శౌరి అంటే జేవియర్, ఇన్నయ్య అంటే ఇగ్నాసియుస్, జోజయ్య యోసేఫుస్. ఆడపిల్లల్లో సగంమంది మరియాలే. అందుకని పిల్ల పేరు పట్టుకుని వెతికితే దొరకదు. తండ్రి పేరు, తల్లి పేరు, జ్ఞానతల్లి పేరు మూడూ కలిసిన చోట ఆగండి.

నకలు అడిగేటప్పుడు "అంచులో రాసినవి కూడా ఇవ్వండి" అని తప్పక చెప్పండి. 1908 ఈస్టర్ నుంచి పెళ్ళి వివరం జ్ఞానస్నాన పుస్తకం అంచులో ఎక్కించాలన్న నియమం వచ్చింది. 1918లో అమలైన చర్చి చట్టం భద్రమైన అభ్యంగనాన్ని (కన్ఫర్మేషన్) కూడా అందులో చేర్చింది. మామూలు ధృవీకరణ పత్రం మీద ఇవి ఒక్కోసారి రావు. వస్తే పెళ్ళి ఏ తేదీన, ఏ గుడిలో, ఎవరితో అయిందో ఆ ఒక్క గీతలోనే తేలిపోతుంది.

పెళ్ళి సంగతి. స్వతంత్రం వచ్చిన రెండో ఏడు మిరప కోతలంటే 1949 మొదటి నెలలు. ఆ ఏడు తపస్సుకాలం (లెంట్) మొదలయ్యే విభూది బుధవారం మార్చి 2, పాస్కా పండుగ (ఈస్టర్) ఏప్రిల్ 17. తపస్సుకాలంలో ఆర్భాటంగా పెళ్ళి ఆశీర్వాదం మేత్రాణుల (బిషప్) అనుమతి లేకుండా ఇచ్చేవారు కాదు. అంటే ఆ పెళ్ళి చాలావరకు మార్చి 2 లోపన్నా, ఏప్రిల్ 17 తర్వాతన్నా అయి ఉంటుంది. పెళ్ళి పుస్తకంలో ముందు ఈ రెండు ముక్కలూ చూడండి. మామూలుగా పెళ్ళికూతురి విచారణలో ఉంటుంది, లేకపోతే పెళ్ళికొడుకు వైపు. మేనరికం అయితే ఇంకా మంచిది. దగ్గర బంధుత్వానికి మినహాయింపు తీసుకోవాలి కాబట్టి ఆ మాట రిజిస్టర్‌లో రాస్తారు. బావా మరదళ్ళయితే "రెండో తరం" అని, మేనమామ అయితే "ఒకటిని తాకిన రెండో తరం" అని. 1983 కొత్త చర్చి చట్టంతో ఈ లెక్క మారింది, పాత పుస్తకాల్లో మాత్రం ఇదే. ఎవరూ చెప్పని చుట్టరికం అక్కడ బయటపడుతుంది.

పుస్తకం చెదలు పట్టిందనో కనపడటం లేదనో అంటే అక్కడితో వదిలేయొద్దు. 1918లో అమలైన ఆ చర్చి చట్టం కింద ప్రతి విచారణా ఏటా ఒక నకలు మేత్రాసనానికి (డయోసిస్) పంపాలి. గుంటూరు మేత్రాసనం ఏర్పడింది 1940లో. దానికి ముందు 1928 నుంచి నెల్లూరు, అంతకుముందు మద్రాసు. మీ నాయనమ్మ 1931 అయితే ఆ ఏటి నకలు నెల్లూరుకు వెళ్ళి ఉండాలి.

నల్లరేగడి:

పై ఆయన తేదీల సంగతి చూసుకున్నారు, నేను పని గురించి చెబుతాను. "కష్టపడింది" అన్న మాట పుస్తకంలో ఒక్కసారి కూడా రాయనని పెట్టుకోండి. బదులుగా ఏ నెలలో ఏ పని, ఎంత, దేంతో అన్నది రాయండి.

మొదట ఆవిడ కాపురాన్ని రెండుగా కోయండి, కాలువ ముందు, కాలువ తర్వాత. నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్ళు వదిలింది 1967 ఆగస్టులో. మీ పొలానికి ఏ ఏడు అందాయో ఊళ్ళో విడిగా అడగాలి, పిల్ల కాలువలు తర్వాత తవ్వారు. అంతకుముందు అదంతా నల్లరేగడి మెట్ట. జొన్న, సజ్జ, కంది, ఆముదం, పత్తి, మిరప. కూడు జొన్నన్నం, వరన్నం పండక్కి. అంటే రోజూ తిరగలి, రోజూ రోకలి. నీళ్ళొచ్చి వరి పెరిగి, మిల్లు దగ్గరపడ్డాక ఆ రెండు పనులూ తగ్గి, నాట్లూ గేదెలూ పెరిగాయి. ఆవిడ 1931 మనిషైతే కాలువ వచ్చేనాటికి 36. సగం బిడ్డలు జొన్నకూటి మీద, సగం వరన్నం మీద పెరిగి ఉంటారు. ఇదే పుస్తకానికి నడుం.

మగవాళ్ళది నాగలి, గుంటక, బండి, బేరం. ఆడవాళ్ళది జడ్డిగంలో (విత్తే గొర్రు) గింజ వేయడం దగ్గర్నుంచి కలుపు, ఏరుడు, ఎండబెట్టడం, ఏరివేత. మిరపే తీసుకోండి. నారు పోసి ఆరు వారాలకు నాటతారు. జనవరి నుంచి కోతలు, రెండు మూడు దఫాలు, ఒక్కో ఏడు ఇంకా ఎక్కువ. కోసిన పండు కళ్ళంలో పది పదిహేను రోజులు ఎండాలి. వంద కిలోల పండుకు పాతిక నుంచి ముప్పై అయిదు కిలోల ఎండుకాయ. రాత్రి కుప్ప చేసి కప్పకపోతే మంచు తగిలి తెల్ల మచ్చ పడుతుంది, అది తాలు. పూర్తిగా ఎండకముందే బస్తాకెత్తితే లోపల బూజు. మరీ గలగలలాడేలా ఎండితే తొక్కేటప్పుడు పొడైపోతుంది, అందుకే ఎత్తేముందు కాస్త మెత్తబడనిస్తారు. తాలు ఏరి వేరు చేసే పని మొత్తం ఆడవాళ్ళదే. చేతులకు ఆముదం రాసుకుని కూర్చునేవాళ్ళు, అయినా మంట ఆగదు. చంటిబిడ్డ తల్లి ఆ చేతులతో బిడ్డనెలా ఎత్తుకునేదో అడగండి. జవాబు తప్పకుండా వస్తుంది.

పాడి గురించి అడిగేటప్పుడు "గేదెలుండేవా" అని అడక్కండి. దాలి (పాలు కాచే పిడకల గుంట) ఎక్కడుండేది, పిడకలు ఎవరు చేసేవారు, కవ్వం ఎన్నింటికి పట్టేవారు అని అడగండి. దాలిలో పిడకల సెగ మీద పాలు పూటంతా కాగి ఎర్రబడతాయి, సాయంత్రం తోడు, తెల్లారుజామున చిలకడం. ఎనిమిది లీటర్ల గేదె పాలకు నెయ్యి అరకిలోకి కాస్త అటూ ఇటూ. ఆ నెయ్యి డబ్బు, గుడ్ల డబ్బు ఎవరి చేతిలో ఉండేదో కూడా రాయండి. పత్తి డబ్బు లెక్క వేరు, అది షావుకారు దగ్గరే చాలామటుకు అయిపోయేది.

కొలతల విషయంలో జాగ్రత్త. ఆవిడ వీశె అంటే సుమారు 1.4 కిలోలు, మణుగంటే ఎనిమిది వీశెలు, అంటే 11 కిలోల పైమాట. గింజలకు సోల, తవ్వ, మానిక, కుంచం. నాలుగు మానికలు కుంచం. కుంచం మాత్రం ఊరుకొక రకం, కిలోల్లోకి మార్చి రాయకుండా ఆవిడ మాటే ఉంచేయండి. అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో. 1960లో జరిగిన సంగతికి "అర్ధణా" అన్నా తప్పుపట్టకండి, జనం చాలా ఏళ్ళు అలాగే అన్నారు.

గుడి పంచాంగం, పొలం పంచాంగం పక్కపక్కన రెండు గళ్ళు గీసుకుంటే మీకు దొరకని సంగతులు దొరుకుతాయి. తపస్సుకాలం మొత్తం మిరప కళ్ళం. శుక్రవారం సాయంత్రం సిలువ మార్గానికి వెళ్ళాలంటే కుప్ప కప్పేదెవరు? ఫిబ్రవరి 11 గుణదల మాత ఉత్సవం సరిగ్గా కోతల మధ్య పడుతుంది. ఎన్నిసార్లు వెళ్ళారు, ఏ బండిలో, కళ్ళం ఎవరికి అప్పజెప్పి? సమాధుల పండుగ నవంబరు 2, పత్తి పగిలే రోజులు. మే నెల మరియమాత ప్రార్థనలు అయ్యేసరికి రోహిణి కార్తె, విత్తనాల సంచులు దింపే టైము. కార్తెలు ఆర్‌సీఎం వాళ్ళకూ ఉన్నాయి, మళ్ళీ ఎవరైనా అది "మనది కాదు" అని కొట్టేస్తారేమో, కొట్టనివ్వకండి.

పాతరిజిస్టర్:

నల్లరేగడి గారు చెప్పిన రెండు గళ్ళ పద్ధతికి ఒకటి కలుపుతాను. పూజలో సత్ప్రసాదం (కమ్యూనియన్) తీసుకోవాలంటే 1953 దాకా అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ఆ ఏడు నీళ్ళకు అనుమతి వచ్చింది. 1957లో అన్నానికి మూడు గంటల వ్యవధి చాలన్నారు, 1964లో గంటకు తగ్గింది. కొత్త కోడలిగా ఆవిడ నాలుగింటికి పాలు పితికి, ఏమీ తినకుండా తాగకుండా నడిచి వెళ్ళి, పూజ అయ్యాక తిరిగొచ్చి అప్పుడు పొయ్యి వెలిగించేదన్న మాట. గుడి ఎన్ని మైళ్ళో కనుక్కుని రాయండి, ఇంకేమీ కలపక్కర్లేదు. ఆదివారం పొలం పని నిషేధమే, కానీ కళ్ళం మీదికి వాన వస్తోందంటే విచారణ గురువు సెలవిచ్చే వీలుండేది.

"జపమాల విడవలేదు" అన్నదానికీ ఒక చారిత్రక కారణం ఉంది. 1960ల మధ్యదాకా పూజ లాటిన్‌లో. అర్థంకాని పూజ జరుగుతున్నంతసేపూ జనం చేసింది జపమాలే. తెలుగు పూజ వచ్చాక మొదటిసారి ఏమనిపించిందో అడగండి.

కొత్తకాగితం:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. జ్ఞానస్నానం దొరికింది, 1931 అక్టోబరు. అంచులో పెళ్ళి కూడా ఉంది: 1949 ఫిబ్రవరి, తపస్సుకాలానికి ముందే. అత్తగారి ఊరి విచారణలో పిల్లలవి ఏడు జ్ఞానస్నానాలే ఉన్నాయి. మొదటి ఇద్దరి పేర్లే లేవు. పుస్తకంలో పేజీలు పోయాయా?

పాతరిజిస్టర్:

పేజీలు పోలేదు, మీరు వెతికిన ఊరు తప్పు. తొలి కాన్పు పుట్టింట్లో, చాలా ఇళ్ళలో రెండోది కూడా. పుట్టిన కొద్దిరోజుల్లోనే జ్ఞానస్నానం ఇచ్చేవారు కాబట్టి అది పుట్టింటి విచారణలో పడుతుంది. ఆవిడ జ్ఞానస్నానం దొరికిన పుస్తకంలోనే 1949 చివర్నుంచి 1953 దాకా చూడమనండి.

పనిలో పనిగా ఒకటి. తల్లి పురిట్లో ఉంటుంది, గుడికి రాదు. బిడ్డను ఎత్తుకెళ్ళింది జ్ఞానతల్లి. తొమ్మిదిమంది జ్ఞానతల్లులెవరో ఒక పట్టీ రాసుకోండి. ఆవిడకు ఊళ్ళో దగ్గరివాళ్ళెవరో, ఏ తోడికోడలితో పడేదో ఆ పట్టీ చూస్తే తెలుస్తుంది.

చావిడిఅరుగు:

భూమి కాగితాల గురించి ఎవరూ చెప్పలేదు. అడంగల్‌లో (ఊరి సాగు లెక్కల రిజిస్టర్) ఆవిడ పేరు కోసం వెతికి నిరాశపడకండి, పట్టాదారు కాలమ్‌లో తాతగారి పేరే ఉంటుంది. పంట ఏమిటో తెలుసుకోవడానికి మాత్రం అడంగల్ బంగారం. అందులో ఫసలీ సంవత్సరం (రెవెన్యూ లెక్కల ఏడు) ఉంటుంది, దానికి 590 కలపండి. ఫసలీ 1377 అంటే 1967 జూలై నుంచి 1968 జూన్. ఆ చుట్టుపక్కల మీ సర్వే నంబరు మీద పంట మెట్ట నుంచి వరికి ఎప్పుడు మారిందో చూస్తే కాలువ మీ చేలోకి వచ్చిన ఏడు దొరికినట్టే.

ఆవిడ పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఏమన్నా పొలం రాసిస్తే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు ఉంటుంది. 1983కు ముందువి కంప్యూటర్‌లో రావు, పాత సూచికలు వెతికించాలి, ఓపిక పట్టండి. చట్టం ప్రకారం క్రైస్తవ కూతుళ్ళకు 1925 వారసత్వ చట్టం కింద, వీలునామా లేకపోతే, కొడుకులతో సమాన వాటా. కాగితం మీద ఉన్న ఆ హక్కు ఇంట్లో అడిగినవాళ్ళెందరు అన్నది వేరే సంగతి. మీ పుస్తకంలో ఈ విషయం ఎత్తితే అన్నదమ్ముల పిల్లలు కూడా చదువుతారని గుర్తుంచుకుని రాయండి.

కమతం పెద్దదైతే 1973 భూపరిమితి చట్టం కింద ఇచ్చిన డిక్లరేషన్ నకలు ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉండొచ్చు. అందులో కుటుంబ సభ్యుల పేర్లు, వయసులు ఉంటాయి.

వసారా:

అన్నీ కాగితాల చుట్టూ తిరుగుతున్నాయి, మనిషి ఎదురుగా ఉన్నప్పుడు కాగితం రెండోది. 94 దాటిన మనిషిని గంటల తరబడి కూర్చోబెట్టకండి. పొద్దున ఫలహారం అయ్యాక ఇరవై నిమిషాలు, చాలు. బాగా వినపడే చెవి వైపు కూర్చోండి. ఫోను పక్కన దిండు మీద పెట్టండి, మంచం పట్టె మీద పెడితే చప్పుడంతా ఎక్కుతుంది. ఫ్యాను ఆపండి.

"ఏ సంవత్సరం" అని అడగొద్దు. వస్తువు చేతికివ్వండి: కవ్వం, కుంచం, పాత జపమాల, చేట. చేట ఇస్తే చేతులే చెరగడం మొదలుపెడతాయి, వెనకే మాట వస్తుంది. పిల్లల వరుసకు "పెద్దోడు పాలు మానాక ఎవరు?" అని ఒక్కొక్కరి మీదుగా రండి. ఒక చోట ఎడం ఎక్కువ వస్తే, మూడు నాలుగేళ్ళు, అక్కడ ఎవరో ఉన్నారని అర్థం. అక్కడ తొందరపడకండి. కొడుకులనూ కోడళ్ళనూ బయటికి పంపి, కూతురో మనవరాలో ఒక్కరే అడగాలి, అదీ ఒక్కసారే.

కొత్తకాగితం:

పుట్టింటి విచారణలో ఇద్దరూ దొరికారు. మొత్తం తొమ్మిది. వాళ్ళలో ముగ్గురు చిన్నప్పుడే పోయినట్టు సమాధుల పుస్తకంలో ఉంది, ఒక పేరు పక్కన "ఇన్ పెరికులో మోర్తిస్" అని కూడా ఉంది. కానీ ఆవిడ నిన్న పది అనే అంది. పదో పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

పాతరిజిస్టర్:

"ఇన్ పెరికులో మోర్తిస్" అంటే ప్రాణాపాయంలో. గురువు వచ్చేలోపే ఉపదేశో, మంత్రసానో, ఇంట్లో ఎవరో నీళ్ళు పోసి జ్ఞానస్నానమిచ్చి ఉండొచ్చు. అది చెల్లుతుంది, తర్వాత పుస్తకానికి ఎక్కుతుంది. ఇచ్చినవాళ్ళ పేరు కూడా రాసి ఉండొచ్చు, ఇంకోసారి చూడమనండి.

పదో బిడ్డ విషయంలో రిజిస్టర్ తప్పు కాదు, ఆవిడ లెక్కా తప్పు కాకపోవచ్చు. కడుపులోనే పోయిన బిడ్డకు జ్ఞానస్నానం లేదు, కాబట్టి ఏ పుస్తకంలోనూ గీత ఉండదు. పాత చర్చి చట్టం ప్రకారం ఆశీర్వదించిన సమాధుల తోటలో చోటు కూడా ఇచ్చేవారు కాదు. గట్టు పక్కనో, చేలోనో పెట్టేవాళ్ళు. ఇంట్లో ఒకరు తొమ్మిదనీ ఒకరు పదనీ అనడం వెనక సాధారణంగా ఇదే ఉంటుంది. తొమ్మిది అన్నవాళ్ళు గుడి లెక్క చెబుతున్నారు.

వసారా:

ఆ చోటు ఏదో ఆవిడకు తెలిసే ఉంటుంది. అడగాలా వద్దా అన్నది మీ ఇంటి ఆడవాళ్ళు తేల్చాలి. అచ్చు వేసేటప్పుడు "పది కాన్పులు, తొమ్మిది జ్ఞానస్నానాలు" అని ఒక్క వాక్యంగా రాసి, అచ్చుకిచ్చే ముందు ఆవిడకు చదివి వినిపించండి. వద్దంటే తీసేయండి.